వర్జీనియా పొగాకు: రంగు, వాసన, రుచి - ధర తేల్చేది ఏది?

వేలం కేంద్రంలో ఒక్కొక్క బేలు ముందు కొనుగోలుదారు నిలబడేది కొద్ది సెకన్లు మాత్రమే. పట్టా విప్పి ఉంచిన బేలులో నుంచి గుప్పెడు ఆకు లాగి చూస్తాడు. వేళ్ల మధ్య నలుపుతాడు. ఒక్కోసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ధర చెప్పి ముందుకు సాగిపోతాడు. ఆ కొద్ది సెకన్లలో తేలిపోయేది రైతు ఆరు నెలల కష్టం, బ్యారన్‌లో మండిన కట్టెల ఖరీదు, తీర్చవలసిన బ్యాంకు అప్పు. ఒకే పొలంలో పండి, ఒకే బ్యారన్‌లో ఎండిన రెండు బేళ్లకు రెండు ధరలు పలికినప్పుడు రైతుకు అనుమానం కలగడం సహజం. కొన్న కంపెనీ ప్రతినిధి కావాలనే తగ్గించాడా, లేక ఆకులోనే తేడా ఉన్నదా అన్న ప్రశ్న ప్రతి సీజన్‌లోనూ వినవస్తూనే ఉంటుంది.

రెండూ జరుగుతాయి. డిమాండు తగ్గిన ఏడాది మంచి ఆకుకు కూడా ధర రాదు. అయితే ఆకులో తేడా ఎక్కడ ఉన్నదో తెలియని రైతు, మార్కెట్ చేసిన అన్యాయాన్నీ తన బ్యారన్‌లో జరిగిన పొరపాటునూ వేరుచేసి చూడలేడు. బేరానికి బలం చేకూరేది ఈ తేడా తెలిసినప్పుడే.

గుంటూరు ప్రాంతపు నల్లరేగడి భూముల్లో వర్జీనియా పొగాకు సాగు 1920లలో వేళ్లూనుకున్నది. పొగాకు బోర్డు 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. అంతకు ముందు, ఆ తర్వాత కూడా కొన్నేళ్ల పాటు రైతు తన సరుకును కంపెనీల కొనుగోలు కేంద్రాలకో, దళారులకో అప్పగించేవాడు. గ్రేడు నిర్ణయించేది కొనేవాడే, ధర కట్టేదీ అతడే. బోర్డు ఆధ్వర్యంలో వేలం పద్ధతి 1984లో కర్ణాటకలోనూ, 1985లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రారంభమైన తర్వాత ఒకే బేలును పలువురు కొనుగోలుదార్లు ఒకేచోట చూసి పోటీపడే అవకాశం ఏర్పడింది. నోటితో పాట పాడే విధానం పోయి ఎలక్ట్రానిక్ వేలం వచ్చింది. ఇన్ని మారినా, ఆకును అంచనా వేసే సాధనాలు మాత్రం మారలేదు. అవి కన్ను, చెయ్యి, ముక్కు.

కన్ను చూసేది

కొనుగోలుదారు మొదట చూసేది రంగును కాదు, ఆకు మొక్కలో ఏ భాగానిది అన్నది. అడుగాకు పలుచగా, తేలికగా ఉంటుంది. మట్టి అంటుకుని ఉంటుంది, కాల్చితే బూడిద ఎక్కువ. నడిమి ఆకు వెడల్పుగా, నిండుగా ఉంటుంది. తలాకు దళసరిగా, సన్నగా, మొనదేలి ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఆకులో నికోటిన్ పెరుగుతుంది. చక్కెరలు సాధారణంగా నడిమి ఆకులో అధికం. అందుచేత ఒక బేలులో అడుగాకు, తలాకు కలిసి ఉంటే, రంగు ఎంత చక్కగా కలిసినా అది కలగాపులగపు సరుకే. కోత సమయంలో ఒక్కొక్క మొక్క నుంచి పక్వానికి వచ్చిన రెండు మూడు ఆకులనే విరిచి, ఏ విడత ఆకును ఆ విడతగానే ఉంచుకున్న రైతుకు సగం గ్రేడింగు పొలంలోనే పూర్తయినట్టు లెక్క.

తర్వాత రంగు. వర్తకంలో నిమ్మపండు రంగు, నారింజ రంగు అని రెండు ప్రధాన వర్ణాలు. ఇవి కాక గోధుమ వన్నె, పచ్చ వన్నె. ఈ రంగులన్నీ బ్యారన్‌లో అయిదారు రోజుల్లో తయారవుతాయి. తొలి దశలో వేడిని సుమారు 32 నుంచి 40 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య, గాలిలో తేమ ఎక్కువగా ఉండేటట్టు నిలుపుతారు. ఆకు అప్పటికింకా ప్రాణంతోనే ఉంటుంది. అందులోని పచ్చని పదార్థం విరిగిపోయి, దాని వెనుక దాగిన పసుపు పదార్థాలు బయటపడతాయి. ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారేదీ అప్పుడే. రంగు వచ్చిన తర్వాత వేడిని మెల్లగా పెంచుతూ, గాలి తూములు తెరిచి తేమను బయటకు పంపి, ఆ రంగు నిలిచేటట్టు చేస్తారు. ఆ తర్వాత ఆకు ఎండాలి. చివరన ఈనె ఎండేందుకు వేడి 70 డిగ్రీల వరకు పోతుంది.

ఈ వరుసలో ఎక్కడ తొందరపడినా, ఎక్కడ ఆలసించినా ఆకు మీద ఆ సంగతి రాసి ఉంటుంది. పసుపు పూర్తిగా రాకముందే వేడి పెంచితే పచ్చదనం అలాగే గట్టిపడిపోతుంది. ఇక ఎంత కాలం మండెలో ఉంచినా అది పూర్తిగా పోదు. రంగు వచ్చాక తేమను బయటకు పంపడంలో ఆలస్యం జరిగితే ఆకు గోధుమ వన్నెకు తిరిగి, మెత్తబడి, పీల్చిన స్పంజిలా తయారవుతుంది. ఈనె పూర్తిగా ఎండకముందే బ్యారన్ దింపితే అందులోని తేమ తిరిగి ఆకులోకి పాకి, ఈనె పొడవునా నల్లని చార పడుతుంది. అనుభవం ఉన్న కొనుగోలుదారు ఆకు చూసి, బ్యారన్‌లో ఏ రోజు పొరపాటు జరిగిందో దాదాపుగా చెప్పగలడు. అది అతని గొప్ప కాదు, ఆకు అంత తేటగా చెబుతుంది.

మచ్చల సంగతి వేరు. కప్పకన్ను తెగులు వల్ల పడే చిన్న చిన్న తెల్లని చుక్కలు కొద్దిగా ఉంటే, ఆకు పండిందనడానికి గుర్తుగా భావించే అలవాటు పాత వర్తకుల్లో ఉన్నది. అవే ఎక్కువైతే ఆకు చిరిగి, పొడి అవుతుంది. అప్పుడు లోపంగానే లెక్క.

రంగు గురించి మరొక మాట. నిమ్మపసుపు మిలమిలలాడే ఆకే మేలు రకమన్న నమ్మకం కోస్తా జిల్లాల్లో బలంగా ఉన్నది. బ్రిటన్, సోవియట్ యూనియన్ మన ఆకుకు పెద్ద కొనుగోలుదార్లుగా ఉన్న రోజుల్లో ఆ నమ్మకం వేళ్లూనింది. కాని పరిమళం కోరే కొనుగోలుదార్లకు కావలసింది బాగా పండి, నారింజ వన్నెకు వచ్చిన దళసరి ఆకు. లేత ఆకు కోసినా నిమ్మరంగు వస్తుంది. కంటికి ఇంపుగా ఉంటుంది, లోపల పస ఉండదు. పై రంగు చూసి మురిసిన రైతు ఈ ఆకుకు ఇంతేనా ధర అని నిట్టూర్చేది తరచు ఇక్కడే.

చెయ్యి చెప్పేది

వేళ్ల మధ్య ఆకును నలపడం కాలక్షేపానికి కాదు. పండిన ఆకు ఉపరితలం సన్నని గరుకుతో, కొద్దిపాటి జిడ్డుతో ఉంటుంది. లాగితే కొంచెం సాగి, తర్వాత చిరుగుతుంది. పండని ఆకు నున్నగా, కాగితంలా తగులుతుంది, లాగిన వెంటనే పటుక్కున చిరుగుతుంది. గరుకున్న ఆకు కణాలు విచ్చుకుని ఉంటాయి గనుక సిగరెట్టులో కోసినప్పుడు ఎక్కువ చోటు నింపుతుంది. సమంగా కాలుతుంది, కలిపే ద్రవాలను బాగా పీల్చుకుంటుంది. కంపెనీ లెక్క అదీ.

పదును మరీ ముఖ్యం. పిడికిట్లో నొక్కి వదిలితే ఆకు మెల్లగా విచ్చుకోవాలి. నొక్కగానే గలగలలాడి పొడి అయితే పదును చాలలేదు. నొక్కినది నొక్కినట్టే ఉండిపోతే పదును మించింది. ఈనెను విరిస్తే చిటుక్కుమని శబ్దం రావాలి. కోస్తాలో వేసవి పగటి వేళ ఆకు ముట్టుకుంటే చాలు నుసి అవుతుంది. అందుకే రాత్రి వేళ బ్యారన్ తలుపులు తీసి, చల్లగాలిలోని తేమ తగిలాకనే ఆకు దింపడం మన రైతులకు తెలిసిన పద్ధతి. ఆ ఓపిక లేక నీళ్లు చిలకరించి పదును తెచ్చిన సరుకు రెండు మూడు రోజులు బాగానే కనబడుతుంది. బేలు కట్టిన తర్వాత లోపల వేడెక్కి, రంగు మారి, బూజు పడుతుంది. నాలుగు కిలోల నీటికి ఆకు ధర వస్తుందని ఆశించి, బేలు మొత్తాన్ని పోగొట్టుకోవడం లాభసాటి బేరం కాదు.

ముక్కు పసిగట్టేది

కొత్తగా క్యూరింగ్ అయిన మంచి ఆకుకు ఎండుగడ్డి వాసనతో కలిసిన తియ్యని వాసన ఉంటుంది. అందులో పొగాకు పరిమళం ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. అసలు పరిమళం వచ్చేది రీడ్రయింగు అయి, సుమారు 12 శాతం తేమతో మూటకట్టిన ఆకు గిడ్డంగిలో ఏడాది, రెండేళ్లు నిలవ ఉన్న తర్వాతనే. ఆకుకు పసుపు రంగునిచ్చిన పదార్థాలే కాలక్రమాన విరిగి, పూల వాసన, పండు వాసన ఇచ్చే సూక్ష్మ పదార్థాలుగా మారుతాయి. చక్కెరలు, నత్రజని పదార్థాలు కలిసి రొట్టె కాలిన వాసన వంటిది తోడవుతుంది. ఆకు కొంత ముదురు వన్నెకు తిరుగుతుంది, గొంతు గీరుకుపోయే గుణం తగ్గుతుంది. అంటే వేలం కేంద్రంలో ముక్కు చూసేది ఉన్న పరిమళాన్ని కన్నా రాబోయే పరిమళాన్ని. మామిడికాయ వాసన చూసి పండు రుచి ఊహించడం వంటిదన్నమాట.

ముక్కు నిక్కచ్చిగా పట్టేసేది లోపాలను. బ్యారన్ గొట్టాలకు పగుళ్లుంటే కట్టెల పొగ లోపలికి చేరి ఆకుకు పడుతుంది. ఆ కమరు వాసన ఎన్నేళ్లు నిలవ ఉంచినా పోదు, కొద్దిపాటి ఆకు కలిసినా మిశ్రమం మొత్తాన్ని చెడగొడుతుంది. బూజు వాసన, ముక్క వాసన, గోదాములో పక్కనే పెట్టిన పురుగుమందు వాసన, డీజిలు వాసన అటువంటివే. రంగులో లోపమున్న బేలుకు తక్కువ ధరయినా పలుకుతుంది. చెడు వాసన పట్టిన బేలును చాలా సందర్భాల్లో కొనేవారే ఉండరు. సీజన్ ఆరంభంలో గొట్టాల అతుకులు ఒకసారి చూసుకునేందుకు అయ్యే ఖర్చు దీని ముందు ఏపాటిది?

నోటి పరీక్ష

రుచి పరీక్ష రైతు కంటపడదు. అది కంపెనీల ప్రయోగశాలల్లో జరుగుతుంది. ఒకే గ్రేడు ఆకును సన్నగా కోసి, అత్తరులు, తీపి ద్రవాలు ఏవీ కలపకుండా సాదా సిగరెట్లు చుడతారు. వాటిని అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 22 డిగ్రీల వేడి, 60 శాతం తేమ గల గదిలో ఉంచి పదును సమం చేస్తారు. తర్వాత శిక్షణ పొందిన బృందం వాటిని తాగి, పొగ బలం ఎంత, గొంతును పట్టే తీరు ఎట్లా ఉన్నది, ముక్కును మండిస్తున్నదా, తియ్యదనం ఉన్నదా, తాగిన తర్వాత నోట్లో మిగిలే రుచి శుభ్రంగా ఉన్నదా, చేదుగా ఉన్నదా అని వేర్వేరుగా గుణాలు కడుతుంది. కాలే వేగం, బూడిద రంగు కూడా చూస్తారు. పొగ తాగడం ప్రాణాంతకమన్న విషయంలో నేడు శాస్త్రజ్ఞుల మధ్య వాదం లేదు. ఈ పరీక్ష చేసేవారి ఆరోగ్యానికీ అది మినహాయింపు కాదు. ఇక్కడ ప్రస్తావన వర్తకంలో రుచిని కొలిచే తీరుకు పరిమితం.

ఈ రుచి వెనుక ఉన్నది ముఖ్యంగా నికోటిన్‌కూ చక్కెరలకూ మధ్య పొత్తు. నికోటిన్ ఎక్కువై చక్కెర తగ్గితే పొగ ఘాటుగా, గొంతు మండించేదిగా ఉంటుంది. చక్కెర మరీ ఎక్కువై నికోటిన్ తగ్గితే చప్పగా, పసలేకుండా ఉంటుంది. మన వర్జీనియా ఆకులో నికోటిన్ 0.7 నుంచి 3 శాతం వరకు, చక్కెరలు 8 నుంచి 24 శాతం వరకు అంగీకారయోగ్యమని చెబుతారు. క్లోరైడు మాత్రం 1.5 శాతం మించరాదు. మించితే ఆకు గాలిలోని తేమను పీల్చుకుని, సిగరెట్టు మధ్యలో ఆరిపోతుంది.

ఈ క్లోరైడు సంగతే రైతుకు అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది కంటికి ఆనదు. ఉప్పునీటి బావి కింద పండిన ఆకు రంగులో, సైజులో మేలు రకంతో పోటీపడవచ్చు. వేలంలో ధర పలికినా, పరీక్షలో తేలిన తర్వాత ఆ ప్రాంతపు సరుకు మీద కొనుగోలుదార్లకు శంక ఏర్పడి, మరుసటి ఏడాది ఆ వైపు చూడడం తగ్గిస్తారు. అందుకే పొగాకుకు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వాడరాదనీ, సల్ఫేట్ ఆఫ్ పొటాషే వేయాలనీ 1947లో రాజమండ్రిలో స్థాపితమైన పొగాకు పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. రెండు సంచుల మధ్య ధరలో ఉన్న తేడా చూసి మొదటిదాన్ని ఎంచుకోవడం ఆకును స్వయంగా మండకుండా చేసుకోవడమే.

నేల రుచి కూడా ఆకులో దిగుతుంది. నల్లరేగడి భూముల్లో వర్షాధారంగా పండే ఆకు మెత్తని, పరిమళం తక్కువ గల పూరకపు రకం. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లా మెట్ట ప్రాంతంలో, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి, గోపాలపురం వైపు తేలిక నేలల్లో నీటి వసతితో పండే ఆకు దళసరిగా, నికోటిన్ అధికంగా, కొంత పరిమళంతో ఉంటుంది. మైసూరు తేలిక నేలల ఆకు కూడా పరిమళం కోవలోకే వస్తుంది. ఒంగోలు, కొండపి, టంగుటూరు, పొదిలి, కనిగిరి కేంద్రాలకు వచ్చే రైతు తన ధరను జంగారెడ్డిగూడెం ధరతో పోల్చుకుని కోపగించుకోవడం వింటుంటాము. రెండూ వర్జీనియాయే అయినా వర్తకం దృష్టిలో రెండు సరుకులు. ఇక లంక పొగాకు లెక్క పూర్తిగా వేరు. అక్కడ నలుపు, ఘాటు, బరువు గొప్ప గుణాలు, నిమ్మరంగు ఎవరికీ పట్టదు.

లో గ్రేడు కథ

మేలు రకానికి, లో గ్రేడుకు మధ్య ధరలో ఎడం ఏటేటా మారుతుంది. గిరాకీ ఉన్న ఏడాది కొనుగోలుదార్లు లో గ్రేడును కూడా ఎగబడి కొంటారు. అప్పుడు రైతుకు గ్రేడింగు అనవసరపు ఖర్చు అనిపిస్తుంది. గిరాకీ పడిపోయిన ఏడాది ముందు దెబ్బతినేది లో గ్రేడే. 2015లో ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల్లో ధరలు కుంగినప్పుడు అప్పుల్లో చిక్కిన రైతులు ప్రాణాలు తీసుకున్న విషాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపవలసి వచ్చింది. ఒక పంటలో లో గ్రేడు పాలు ఎంత అన్నది వాతావరణం మీద చాలా వరకు, రైతు చేతిలో కొంతవరకు ఉంటుంది. తలలు సకాలంలో తుంచి పిలకలు తీయడం, పండిన ఆకునే కోయడం, బ్యారన్‌ను కిక్కిరిసి నింపకపోవడం, ఇవి ఆ రెండో భాగంలోనివి. అకాల వర్షం మొదటి భాగంలోనిది. దానికి రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ నష్టాన్ని అతని ఒక్కడి నెత్తిన వదిలేయడం కూడా న్యాయం కాదు.

గ్రేడింగు లాభమెంతో ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. అంకెలు ఉదాహరణకు మాత్రమే. 120 కిలోల బేలులో 100 కిలోలు కిలో 200 రూపాయలు పలికే ఆకు, 20 కిలోలు 120 రూపాయలు పలికే ఆకు ఉన్నదనుకుందాం. విడదీసి అమ్మితే వచ్చేది 22,400 రూపాయలు. రెండూ కలిపి ఒకే బేలుగా పెడితే కొనుగోలుదారు సగటు కట్టడు. తక్కువ ఆకు ఎంత ఉన్నదో తెలియదు గనుక జాగ్రత్తపడి కిలోకు 165 చెబితే వచ్చేది 19,800. నష్టం 2,600. ముప్పై బేళ్లున్న రైతుకు 78,000. ఏరే కూలీలకు ఇచ్చేది ఇందులో ఒక భాగం మాత్రమే. పైన మంచి ఆకు పేర్చి లోపల తక్కువ రకం దాచడం ఇంతకన్నా నష్టదాయకం. ఒక బేలులో అది బయటపడితే ఆ రైతు మిగతా బేళ్లన్నిటినీ అదే అనుమానంతో చూస్తారు.

ఏరడానికి పగటి వెలుతురే కావాలి. రాత్రి దీపాల కింద నిమ్మరంగు, లేత పచ్చ ఒకేలా కనిపించి కలిసిపోతాయి. తెల్లవారి వేలం కేంద్రంలో పైకప్పు అద్దాల నుంచి పడే వెలుగులో రెండూ విడివిడిగా కనబడతాయి. ఏరే చోట కింద పరిచే గోనె పీచు, ప్లాస్టిక్ తాడు ముక్కలు, కోడి ఈకలు ఆకులో కలవకుండా చూడాలి. ఒక్క ప్లాస్టిక్ పోగు దొరికినా విదేశీ కొనుగోలుదారు మొత్తం సరుకు మీద అభ్యంతరం చెబుతున్నాడు. పురుగుమందుల అవశేషాలను కూడా పరీక్షిస్తున్నారు. వాటిని కనిపెట్టేందుకు కన్నూ ముక్కూ చాలవు. కనుక మందు కొట్టిన తేదీకీ కోతకూ మధ్య గడువు పాటించడమొక్కటే మార్గం.

ధర నచ్చకపోతే బేలును ఆ రోజు అమ్మకుండా ఉంచుకునే హక్కు రైతుకున్నది. చాలామంది దాన్ని కోపంతో వినియోగిస్తారు. తీసుకుపోయిన బేలును విప్పి, పదును చూసి, రంగు వారీగా మళ్లీ ఏరి, కమరు వాసన వచ్చే ఆకును తీసివేసి తెచ్చిన రైతుకు రెండోసారి మెరుగైన ధర దక్కే అవకాశమున్నది. విప్పకుండా అలాగే తెచ్చిన బేలుకు బండి కిరాయి మాత్రం అదనపు ఖర్చు.